మేకులు నడిచిన దారి

పగడపు దిబ్బ చచ్చిపోయిందని జాలరులు ఆరేళ్ళుగా చెబుతూనే వచ్చారు. చావలేదని చెప్పిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కదాని మాటే చెల్లింది, ఎందుకంటే ఆమె దగ్గర అంకె ఉంది.

ఆ అంకె నలభై ఒకటి. దిబ్బ మీద నూటికి నలభై ఒక్క చోట్ల పగడం బతికే ఉన్నదని దాని అర్థం. ఏటా వానలకు ముందు, సముద్రం నిలకడగా ఉండే పక్షం రోజుల్లో, ఆమె నీటి అడుగుకు దిగి టేపు పరిచి కొలత తీసేది. ఒక ఏడు నలభై రెండు, ఒక ఏడు ముప్పై తొమ్మిది, మళ్ళీ నలభై ఒకటి. పందొమ్మిదేళ్ళు అదే పని చేసినందువల్ల పడవ మీది వాళ్ళు ఆమెను టేపక్క అనేవారు. కార్యాలయంలో ఆమె హోదాకు వేరే పేరుంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవరిని పిలుస్తున్నారా అని ఆమె కూడా ఒక క్షణం వెనక్కి తిరిగి చూసేది.

ఆ అంకె మీద ఆధారపడినది చిన్న విషయం కాదు. ఓడరేవు కాలువను లోతు చేయడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. తవ్విన బురదను బార్జిలో తెచ్చి, దిబ్బ చుట్టూ ప్రకటించిన రక్షిత ప్రాంతపు ఉత్తరపు హద్దుకు ఆవల సముద్రంలో వదులుతున్నారు. ఆ అనుమతిపత్రంలో ఒక షరతు ఉంది. దిబ్బ మీద బతికున్న పగడం నూటికి ముప్పై కన్నా తగ్గిన ఏడు, బురద పోయడం ఆపివేయాలి. ఆ షరతు పెట్టించింది టేపక్కే. పదకొండు సమావేశాలలో, ఆవులింతలను, చేతి గడియారం చూసుకునే చూపులను, ‘మేడం గారి ఆవేదన అర్థం చేసుకోదగినదే’ అనే మర్యాదలను భరించి, ఆ ఒక్క వాక్యాన్ని సాధించింది. దిబ్బకు తాను కట్టిన కోటగోడ ఆ వాక్యమేనని ఆమె నమ్మకం. తరువాత ఏటా ఆమె అంకె ఇచ్చేది, ముప్పైకి పైనే ఉన్నది కదా అని అధికారి సంతకం చేసేవాడు, బార్జి వచ్చేది.

నిరుడు జాలరుల సంఘం గదిలో ఈ విషయం మీదే గొడవ జరిగింది. వలలు బాగుచేస్తూ అరచేతులు కాయలు కాసిపోయిన ఒక ముసలాయన, అందరూ వలల తాత అని పిలిచేవాడు, లేచి నిలబడ్డాడు.

“అమ్మా, మావాళ్ళు మునిగి చూసొచ్చారు. బూడిద కుమ్మరించినట్టుందట. నువ్వేమో నలభై అంటావు. నువ్వు మునిగే సముద్రం వేరే ఎక్కడైనా ఉందా, మాకూ చూపించు.”

గది నవ్వింది. టేపక్క నవ్వలేదు.

“మీవాళ్ళు ఎక్కడ మునిగారు తాతా?”

“ఆ చోటు చెబితే మునగకూడని దగ్గర మునిగారని కేసు రాస్తావు. చెప్పను.”

“చెప్పకపోయినా ఫరవాలేదు. ఎక్కడో ఒకచోట మునిగి చూసింది కబురు. ప్రతి ఏడూ అదే చోట మునిగి చూసింది కొలత.”

“అంటే మా కళ్ళు కళ్ళు కావు.”

“కళ్ళే. కాని కళ్ళు తమకు నచ్చిన చోటికి పోతాయి. టేపు పోదు.”

ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. జవాబు లేని మాట నిజమే అయివుంటుందని చదువుకున్నవాళ్ళకు ఒక భ్రమ ఉంటుంది. ఆ సాయంత్రం ఆమె ఆ భ్రమతోనే తలెత్తుకుని ఇంటికి వెళ్ళింది.

ఆమె పద్ధతి సరళమైనది. హద్దు చూపుతూ నీటి మీద తేలే నాలుగు బోయాల మధ్య తొమ్మిది చదరపు కిలోమీటర్ల దిబ్బ. అందులో దూరదూరంగా పది ఇనుప మేకులు. ప్రతి మేకు నుంచి తూర్పుకు యాభై మీటర్ల టేపు పరచాలి. అరమీటరుకొకసారి టేపు కింద ఏమున్నదో ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో ఒక్క అక్షరం రాయాలి. బతికిన పగడానికి ‘బ’, చచ్చినదానికి ‘చ’, ఇసుకకు ‘ఇ’, నాచుకు ‘నా’. పది మేకులకు వెయ్యి అక్షరాలు. పక్కకు చూడకూడదు. పక్కకు చూసిన కన్ను అందమైనదాన్ని వెతుక్కుంటుందని, అప్పుడు కొలత కాస్తా కోరికగా మారిపోతుందని, ఆమె తనతో మునిగే ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేది. టేపు కింద ఉన్నదే సముద్రం.

ఉప్పునీటిలో ఇనుము నాలుగేళ్ళు నిలవదు. అందుకని ఆమె మునగడానికి రెండు రోజుల ముందు, పడవ నడిపే సరంగు ఒక్కడే దిగి, తుప్పు పట్టిన మేకులకు బదులు కొత్తవి కొట్టి, లంగరు వేసే చోటు నుంచి మేకు దాకా దారితాడు కట్టి వచ్చేవాడు. ఆ సరంగు ఆమెకు తోడబుట్టిన తమ్ముడు, ఆరేళ్ళు చిన్న. రక్షిత ప్రాంతం ఏర్పడిన ఏడు, తమ చేపల నేల వదులుకోమంటే జాలరులందరూ ససేమిరా అన్నప్పుడు, అక్క మాట మీద మొదట వేలిముద్ర వేసింది అతనే. ‘ఇరవయ్యేళ్ళు ఓపిక పట్టండి, దిబ్బ పొంగి చేప బయటికి వస్తుంది’ అని ఆమె అన్నది. వల అటకెక్కించి అతను ఆమె పడవెక్కాడు.

బురద మొదలైన తరువాత నీటిలో రెండు చేతుల దూరం మించి కనిపించేది కాదు. దారితాడు పట్టుకుని మేకు దగ్గరికి పోవడం, టేపు వెంట యాభై మీటర్లు ఈదడం, మళ్ళీ తాడు పట్టుకుని పైకి రావడం. అయినా పని సులువవుతూ వచ్చింది. మొదట్లో ఆరు రోజులు పట్టే కొలత ఈమధ్య మూడు రోజుల్లో ముగుస్తున్నది. ఒక మేకు దగ్గర లంగరెత్తి మరో మేకు దగ్గర దించేసరికి వెనుకట గంట పట్టేది. ఇప్పుడు టీ చల్లారేలోపు చేరుకుంటున్నారు. డీజిలు ఆదా అయిందని కార్యాలయం అభినందన పత్రం ఇచ్చింది. పడవ స్థానాన్ని ఉపగ్రహం ద్వారా చూపే పరికరం ఒకటి ఏడేళ్ళ కిందట కొన్నారు గాని, తడిస్తే బాధ్యత ఎవరిదన్నది తేలక, అది అధికారి గది బీరువాలో పెట్టెలోనే ఉంది. మేకుల మధ్య దూరం ఎలా తగ్గిందని టేపక్క అడగలేదు. ఆమె చూసేది టేపు కింద మాత్రమే.

ఈ ఏడు బార్జి, బురదను కిందికి వదిలే అడుగు తలుపులు పాడై, మరమ్మతుకు పోయింది. కొలత మొదలయ్యేనాటికి ఇరవై ఐదు రోజులుగా బురద పడలేదు. నీరు తేటబడింది.

మూడో రోజు, ఆఖరి మేకు. టేపు చుట్ట పట్టుకునే రెండో డైవరు, గాలి తొందరగా పీల్చేసి బుడగలు కక్కుతూ అందరికన్నా ముందు పైకి పోతాడని బుడగ అని పేరు పడ్డవాడు, ఎప్పటిలాగే వేలు పైకి చూపి వెళ్ళిపోయాడు. లంగరు జారి పడవ బాగా దూరం కొట్టుకుపోయింది. దారితాడు వదులై ఇసుకలో పడి ఉంది. తాడు లేకుండా, అడుగు వెంబడే పడవ నీడ వైపు ఈదుతున్న టేపక్కకు ఒక తుప్పు కడ్డీ కనిపించింది. దాని మెడకు అల్యూమినియం బిళ్ళ. నాచు తుడిస్తే అంకె బయటపడింది. నాలుగు. ఆ అంకెను సుత్తితో, మేకుతో కొట్టి చెక్కింది ఆమే; నాలుగు తోక కొంచెం వంకర.

నిన్న ఆమె నాలుగో మేకు దగ్గర కొలత తీసింది. అది ఉన్నది ఇక్కడ కాదు.

అప్పుడు, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఆమె తలతిప్పి పక్కకు చూసింది.

కొమ్ములు కొమ్ములుగా లేచే పగడాలు విరిగి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. గుండ్రని పెద్ద పగడాల మీద బురద మందపాటి దుప్పటిలా కూర్చుంది. చేయి వేసి తుడిస్తే కింద బూడిద రంగు రాయి. ఒక్క చేప లేదు. కనుచూపు మేర అంతే, నీరు తేటగా ఉన్నందువల్ల కనుచూపు చాలా దూరం పోయింది. బూడిద కుమ్మరించినట్టుందట, అన్నాడు ముసలాయన. అంతకన్నా ఖచ్చితమైన మాట ఆమెకు కూడా తోచలేదు.

పడవెక్కి, ముఖం మీది అద్దం తీయకుండానే అడిగింది.

“నాలుగో మేకు రెండున్నాయేమిట్రా?”

“పాతది పీకబోతే రాలేదు. వదిలేశా,” అన్నాడు సరంగు, లంగరు తాడు చుట్టుకుంటూ.

“పాతది ఇక్కడ ఉంటే కొత్తది అక్కడెందుకుంది?”

“ఇక్కడ చచ్చిపోయింది కదక్కా.”

“చచ్చిపోతే?”

“చచ్చిన దగ్గర మేకు దేనికి? బతికున్న దగ్గరికి జరిపాను. నువ్వు చెప్పినట్టే.”

“నేనా?”

“మరి? మొదటిరోజు ఈ చెక్క మీదే కూర్చుని, ‘పగడం బాగా ఉన్నచోటు చూసి కొట్టరా’ అన్నావు. అప్పట్నించీ అలాగే కొడుతున్నా. ఏం, తప్పా?”

బుడగ టీ గ్లాసు నోటి దగ్గరే ఆపాడు. “అన్నా, ఇంకేం చెప్పకు. అక్క మొహం చూడు.”

“నీకు తెలుసా?” అన్నది ఆమె వాడితో.

“నాకు టేపు చివర తప్ప సముద్రం తెలీదక్కా. నువ్వేగా పక్కకు చూడొద్దన్నావు.”

సరంగు తాడు కింద పెట్టాడు. ఏదో జరిగిందని అతనికి అర్థమైంది, ఏమిటన్నది అర్థం కాలేదు. “నాన్న నాకిచ్చిన గురుతులే సగం మార్చానక్కా. పడవలోంచి చూస్తే కొండా దీపస్తంభమూ ఒకే వరసలో కలిస్తే ఒక చోటు, కొండా చింతచెట్టూ కలిస్తే ఒక చోటు. చేప పోతే గురుతు జరపమనేవాడు. చేప లేని గురుతు ఎవడైనా పెట్టుకుంటాడా?”

ఆ తండ్రికి ఆమె కూడా కూతురే. జాలరికి గురుతు అంటే ఉన్నదానికి గురుతు. లేనిదానికి, పోయినదానికి, ఇక్కడ ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి గురుతు పెట్టుకునే అలవాటు వాళ్ళకు లేదు. అది చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన వింత. ఆ వింతను ఆమె నలభై పుటల నియమావళిగా రాసింది. ‘మేకు స్థానం ఎట్టి పరిస్థితిలోనూ మారరాదు’ అన్నది అందులో ఏడో నియమం. ఆ పుస్తకం ప్రతులు కార్యాలయానికి, విశ్వవిద్యాలయానికి, మూడు గ్రంథాలయాలకు వెళ్ళాయి. మేకు కొట్టేవాడికి ఇవ్వాలని ఆమెకు తట్టలేదు. వాడు పడవ మనిషి, పైగా తమ్ముడు. వాడికి నోటితో చెబితే చాలు. నోటితో చెప్పినది ఆ ఒక్క వాక్యం.

“మొదట కొట్టిన చోట్లు గుర్తున్నాయా?” అని అడిగింది చివరికి.

“చచ్చినవాళ్ళ ఇళ్ళు గుర్తుండవా? పదీ చూపిస్తా పద.”

చూపించాడు. ఆరు రోజులు పట్టింది, మొదటి ఏళ్ళలో పట్టినట్టే. ఏ మేకు ఏ ఏడు జరిగిందో చెప్పాడు. పన్నెండేళ్ళ కిందట నీరు వేడెక్కి పగడాలు తెల్లబారిన ఏడు మూడు మేకులు జరిగాయి. ఆ మరుసటి ఏడు అంకె ముప్పై నాలుగు నుంచి నలభైకి లేస్తే, దిబ్బ తనంతట తానే కోలుకున్నదని టేపక్క ఒక వ్యాసం రాసింది. దానికి మంచి పేరొచ్చింది. కోలుకున్నవి మేకులు. ఎక్కడ చావు కనిపిస్తే అక్కడినుంచి లేచి, ఒక్కొక్కటే, దిబ్బ దక్షిణాన రాతిగుట్ట చాటుకు నడిచి వచ్చాయి. ప్రవాహం గుట్టను తాకి పక్కకు మళ్ళడం వల్ల బురద అక్కడికి తక్కువగా చేరుతుంది. మూడెకరాలు కూడా ఉండని ఆ ముక్కలో పది మేకులూ, దిబ్బ మీద మిగిలిన ప్రాణమంతా, ఒకచోట తలదాచుకున్నాయి.

పాత చోట్లలో వెయ్యి అక్షరాలు రాసింది. అందులో ‘బ’ అరవై మూడు.

నూటికి ఆరు.

నివేదిక రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళింది. ముందుగది నేల మీద కూర్చుని అతను తాడు కొసలు విప్పి మళ్ళీ పేనుతున్నాడు. మరదలు ఉతికిన బట్టలు మడత పెడుతున్నది. ఆమెకు అంతా తెలుసు. పది రోజులుగా ఇంట్లో అదే మాట.

“వదినా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. నలభై ఒకటి అని రాస్తే ఏమవుతుంది?”

“బార్జి వస్తుంది.”

“ఆరు అని రాస్తే?”

“ఆగాలి. షరతు ఉంది.”

“ఆగాలి అంటున్నారు గాని ఆగుతుంది అనడం లేదు.” మరదలు ఒక చొక్కాను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. “మరి ఈయన? పందొమ్మిదేళ్ళు మేకులు జరిపింది ఎవరంటే?”

“వీడి పేరు ఎక్కడా లేదు. సూచన లోపభూయిష్టం అని రాశాను. సూచన ఇచ్చినదాన్ని నేను. సంతకం నాది.”

“నా పేరు ఎందుకు లేదు?” అన్నాడు సరంగు తలెత్తకుండా.

“నువ్వూరుకో,” అన్నది భార్య. “పేరు లేదంటే ఏడ్చేవాణ్ణి నిన్నే చూస్తున్నా.”

అతను ఊరుకోలేదు. “అక్కా, నేను జరపకపోతే ముప్పై కింద ఎప్పుడు పడేది?”

ఆమె ఆ లెక్క అప్పటికే వేసింది. పాత పలకలన్నీ ముందు వేసుకుని, జరిగిన ఒక్కో మేకునూ వెనక్కి నడిపించి, రెండు రోజులు వేసింది. నివేదికలో అది అనుబంధం మూడు. తమ్ముడు చదవడు. చెప్పకుండా ఉండవచ్చు.

“బురద మొదలైన రెండో ఏడు.”

“అంటే ఆరేళ్ళ కిందట.”

“అవును.”

“మనవాళ్ళు చచ్చిందని చెప్పడం మొదలెట్టింది కూడా అప్పుడే కదూ?”

“అవును.”

“అంటే ఈ ఆరేళ్ళ బురద...” అని ఆగాడు. చేతిలో తాడు మూడు పేటలుగా విడిపోయి ఉంది. దాన్ని పేనలేదు, కింద పెట్టనూ లేదు. “నేను దాన్ని చూసుకుంటున్నాననుకున్నానక్కా. మేకు కొట్టినప్పుడల్లా అరచేయి ఆనించి చూసేవాణ్ణి, మెత్తగా ఉందా లేదా అని. బతికుంటే మెత్తగా ఉంటుంది కదా.”

మరదలు బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పక్కగదిలో బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. మూసిన చప్పుడు చాలాసేపు వినిపించలేదు.

అధికారి నివేదికను నిలబడి అందుకుని, కూర్చుని చదివాడు. చదివినంతసేపూ ముఖంలో ఏ మార్పూ లేదు. చెడ్డవాడు కాదు. ఇలాంటి చోట్ల చెడ్డవాళ్ళు అవసరం పడరు.

“నిరుడు నలభై ఒకటి, ఈ ఏడు ఆరు. ఒక్క ఏడులో ముప్పై ఐదు పోయిందని పైకి రాయమంటారా మేడం?”

“ఒక్క ఏడులో పోలేదు. ఎప్పుడెంత పోయిందో అనుబంధం మూడులో ఉంది.”

“మీ రిటైర్మెంటుకి ఇంకా ఎంత ఉంది?”

“పద్నాలుగు నెలలు.”

“ఆ పద్నాలుగు నెలలు ఆ మేకు మీ కంట పడకుండా ఉండాల్సింది,” అని నవ్వబోయి, ఆమెను చూసి మానుకున్నాడు.

“షరతు ప్రకారం బురద ఆపాలి.”

“షరతు...” అని నీళ్ళు నమిలాడు. “పైకి పంపుతాను. వాళ్ళు చూస్తారు.”

“రెండోది. రాతిగుట్ట చాటున మూడెకరాల్లో ఇంకా పగడం ఉంది. పటం జతచేశాను. ముందు దాన్ని కాపాడాలి.”

“అదీ పంపుతాను.”

పంపాడు. ఇరవై ఆరు రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఎనిమిదేళ్ళపాటు ఆమె నివేదికల్లో ఆ ఒక్క అంకె దాటి ఒక్క వాక్యమైనా చదవనివాళ్ళు, ఈసారి అనుబంధాలతో సహా చదివారు. ‘సంరక్షణకు యోగ్యమైన పగడపు జీవం గణనీయంగా శేషించి లేదని శాఖ స్వీయ సర్వేక్షణలోనే నిర్ధారణ అయినందున’ రక్షిత ప్రాంతాన్ని రద్దు చేశారు. ప్రాంతమే లేదు గనుక షరతు వర్తించదు. దూరాభారం తగ్గే నిమిత్తం ఇకపై బురదను పాత హద్దు లోపలే వదలవచ్చు. మూడెకరాల విషయం చివరి పేరాలో ఉంది. రక్షిత ప్రాంతంగా ప్రకటించడానికి కనీస విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు. ప్రతిపాదన పరిశీలనకు అర్హం కాదు.

దిబ్బ ఉన్నదన్నప్పుడు, ఉన్నది కాబట్టి పోశారు. లేదన్నప్పుడు, లేదు కాబట్టి పోస్తారు. ఈ రెంటి మధ్య ఎక్కడో ఒక ఏడు, అసలు అంకె ఇరవై ఏడు అని వేసి ఉంటే ఆగి ఉండేది. ఆ ఏడు ఆమె నలభై రెండు అని వేసింది. ఉత్తర్వును ఆమె మూడుసార్లు చదివింది. అందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు.

వలల తాత దగ్గరికి తనే వెళ్ళింది. పిలిపించుకుని చెప్పే విషయం కాదు. ఆయన కాలి బొటనవేలికి వల తగిలించుకుని తెగిన కన్నులు కడుతున్నాడు.

“మీవాళ్ళు చూసిందే నిజం తాతా. నాదే తప్పు.”

“తెలిసింది.” సూది ఆపలేదు. “ఇక వల వేసుకోవచ్చటగా. బోయాలు తీసేస్తున్నారట.”

“అవును.”

“ఏముందని వెయ్యమంటావు?”

ఆమె నిలబడే ఉంది. ఒక ముడి బిగించి ఆయనే అన్నాడు. “అరిచి చెప్పాం కదమ్మా. ఒక్కసారి మాతో కలిసి మునిగి ఉంటే సరిపోయేది. మేం చోటు చెప్పకపోయినా చేయి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళం.”

కోపంగా అంటే భరించగలిగేది. ఆయన కోపంగా అనలేదు.

బార్జి మరమ్మతు పూర్తయి వచ్చింది. దిబ్బ మీద నీటి లోతు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పెద్ద బార్జి అడుగు నేలకు ఆనకుండా దారి చూపడానికి ముందు ఒక పడవ నడవాలి. ఆ దారి తెలిసిన సరంగు ఒక్కడే ఉన్నాడని కార్యాలయం అతన్ని ఆ పనికి వేసింది. సంగతి తెలిసి టేపక్క రేవుకు వచ్చింది.

“వెళ్ళకు,” అన్నది.

“నేను పోకపోతే ఇంకొకణ్ణి వేస్తారు. వాడికి గుట్ట చాటు సంగతి తెలీదు. సరిగ్గా దాని నెత్తినే పోయిస్తాడు.”

“నువ్వెక్కడ పోయిస్తావు?”

“ఉత్తరాన. మొదటి మేకు ఉండేది చూడు, అక్కడ. అక్కడ ఇక చావడానికేం లేదు.” తాడు విప్పుతూ ఆగాడు. “వస్తావా?”

ఆమె పడవెక్కింది. బుడగ అప్పటికే ఇంజను దగ్గర కూర్చుని ఉన్నాడు.

ఉదయపు ఎండలో బార్జి వెనకాలే నెమ్మదిగా వచ్చింది. దాని మీదివాడు చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచాడు. “ఏం సరంగూ, ఇంత దూరం తిప్పుతున్నావు? దగ్గర్లో దించమని కదా రాశారు! మావగారింటికి తీసుకెళ్తున్నావా?”

“దగ్గర్లో రాయి ఉంది. అడుగు చిరిగితే మళ్ళీ మరమ్మతుకు పోతావు. నీ ఇష్టం,” అని తమ్ముడు అరిచాడు. రాయి లేదు.

బార్జి వాడు తిట్టుకుంటూ వెంట వచ్చాడు. చెప్పిన చోట ఆగాడు. అడుగు తలుపులు తెరుచుకున్న శబ్దం నీటిలోంచి పడవ చెక్కల్లోకి, చెక్కల్లోంచి కాళ్ళలోకి వచ్చింది. తేటనీటిలో ముందు ఒక నల్లని ముద్ద కనిపించింది. తరువాత అది విచ్చుకుంది. గోధుమ రంగు పొగలాగా అన్ని వైపులకూ పాకి, ఒక్క నిమిషం ఎటు పోవాలో తెలియనట్టు ఆగి, ఒక వైపు సాగడం మొదలుపెట్టింది.

టేపక్క లేచి నిలబడి చూసింది. పోటు తగ్గి పాటు మొదలై గంట కాలేదు. ప్రవాహం దక్షిణానికి ఉంది. ఈ వేగంతో బురద అంచు గుట్ట దగ్గరికి చేరడానికి మూడు గంటలు చాలు. ఒక్క బార్జికి గుట్ట కాస్తుంది, పది బార్జిలకు కాస్తుంది. రోజుకు రెండు లోడ్లు పడతాయి. అంతవరకు లెక్క ఆమె మనసులో దానంతటదే జరిగిపోయింది.

“అక్కా,” అన్నాడు తమ్ముడు. చుక్కాని పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. “అటు పోదు కదూ?”

ప్రవాహాల సంగతి అతనికి ఆమె కన్నా బాగా తెలుసు. పన్నెండేళ్ళ వయసు నుంచి ఈ నీటి మీద ఉన్నాడు. నీటి రంగు చూసి, పడవ ముక్కు ఎటు తిరుగుతున్నదో చూసి, పాటు ఏ గడియకు మారుతుందో చెప్పగలడు.

“పోదు,” అన్నది ఆమె.

అతను తల ఊపాడు. బుడగ ఇంజను తిప్పాడు. ఖాళీ బార్జి రెండోసారి నిండడానికి రేవు వైపు తిరిగింది. దాని ముందు నడవడానికి పడవను వెనక్కి మళ్ళించారు.